ముప్పై రెండో ఉత్తరం

పోయిన వారం లెక్కల టీచర్ని స్టాఫ్ రూములో, చేతిలో ముప్పై రెండు మడత కాయితాలతో వదిలేశాం. ఆవిడేమీ అక్కడే నిలబడిపోలేదు. ఆ సాయంత్రమే క్లాసుకెళ్ళి, కూర్చున్న వరసలోనే పోగుచేసినవి కాబట్టి ఏ బిడ్డ కూర్చునే చోట ఆ బిడ్డ రాసిన కాయితం పెట్టి, తలుపు గొళ్ళెం వేసి ఇంటికెళ్ళింది.

కథ మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఈ బళ్ళో ఐదో తరగతి దాకా పిల్లలకి ఒకే గది, ఒకే టీచరు. ఆరులోకి రాగానే ఏడు పీరియడ్లు, ఏడుగురు టీచర్లు, గంట కొట్టినప్పుడల్లా సంచీ భుజాన వేసుకుని గది మారడం. అలాంటి ఆరో తరగతి మొదటి సెక్షన్ బాధ్యత తనకే కావాలని లెక్కల టీచరు పట్టుబట్టింది. ఆ సెక్షన్లోనే ఆవిడ కూతురుంది. కన్నపిల్ల ఉన్న క్లాసు ఎవరికీ ఇవ్వనని హెడ్మిస్ట్రెస్ అంది. కన్నపిల్లయితే ఏం, బళ్ళో నన్ను టీచర్ అనే పిలుస్తుంది, అమ్మా అని పిలిస్తే పలకనే పలకను అని ఈవిడంది. చివరికి హెడ్మిస్ట్రెస్ మెత్తబడింది గానీ ఒక మెలిక పెట్టింది. శనివారం తల్లిదండ్రుల సమావేశం మీరే నడపండి, ఒక్క ఫిర్యాదు లేకుండా గట్టెక్కితే ఏడాదంతా క్లాసు మీదే, వచ్చిందా, సోమవారం నుంచి రెండో సెక్షన్ అంది.

ఇక ఆ కూతురు. ఇంట్లో దాని పేరు వసపిట్ట. నిద్రలో కూడా మాట్లాడే రకం. అలాంటిది బడి తెరిచిన రెండు వారాల్నుంచీ నోట్లో నాలుక లేనట్టు తిరుగుతోంది. ఆరో తరగతికొచ్చింది, ఒద్దిక నేర్చుకుంది అని తల్లి మురిసిపోయింది. మధ్యాహ్నం డబ్బా కూడా మెతుకు మిగలకుండా తెస్తోంది మరి.

శనివారం తొమ్మిదిన్నరకి సమావేశం. తొమ్మిదిన్నరకి వచ్చినవాళ్ళు పదకొండు మంది. మిగతావాళ్ళు పదింటిదాకా ఒక్కొక్కరే తలుపు తోసుకుని వస్తూనే ఉన్నారు, వచ్చిన ప్రతివాళ్ళూ "మొదలైపోయిందా?" అని అడుగుతూనే ఉన్నారు. ఆలస్యంగా వచ్చిన పిల్లల పేరు ఆఫీసు పుస్తకంలో ఎక్కుతుందని టీచరు అప్పుడే చెబుతోంది. ఆ మాట చెబుతుండగానే ఆవిడ మొగుడు లోపలికొచ్చాడు. ఊరందరి గడియారాలూ బాగుచేసే మనిషి, పెళ్ళికి తప్ప ఎక్కడికీ వేళకి వచ్చిన పాపాన పోలేదు. దానికీ అరగంట ఆలస్యమేనని ఆవిడ తరఫు వాళ్ళు ఇప్పటికీ అంటారు. అతను తల వంచుకుని వెళ్ళి, మూడో వరసలో కూతురి కుర్చీలో ఇరుక్కున్నాడు. ఎవరి బిడ్డ సీటులో వాళ్ళే కూర్చోవాలని తలుపుకి పటం అంటించింది టీచరు. పిల్లల కుర్చీలేమో పిల్లలవాయె. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే అందరూ కిందా మీదా అయ్యారు.

ప్రొజెక్టరు మొరాయించింది. దాన్ని నమ్ముకుని నెల రోజులు బొమ్మలు తయారుచేసుకున్న టీచరు పళ్ళు కొరికి, సుద్దముక్క అందుకుని, టైము టేబులు మొత్తం బోర్డు మీద వేసింది. పుస్తకాలు సర్దుకోవడం ముందురోజు రాత్రే, అదీ పిల్లలే చేసుకోవాలి. లెక్కలకి మూడు నోటు పుస్తకాలు. సైన్సులో బట్టీ పట్టడం ఉండదు, చేసి చూడటం ఉంటుంది. నెలకొక ప్రాజెక్టు. డైరీలో రోజూ ఇంట్లో వాళ్ళ సంతకం. ఆరో తరగతి నుంచి పెన్సిలు లేదు, అన్నీ పెన్నుతోనే. ఫోను బళ్ళోకి తేకూడదు.

ఫోను తేకూడదన్న మాట పూర్తయ్యేలోపే మూడు ఫోన్లు మోగాయి.

ఇక ప్రశ్నలు చూడండి. నీళ్ళ సీసా ఎంత పెద్దది ఉండాలని ఒకావిడ. మావాడికి ముందు వరస ఇవ్వరా అని ఒకాయన, ఆయన వెనక కూర్చున్న ఇంకో నలుగురు. పెన్ను నీలమా నలుపా అని అడిగితే నీలం అని చెప్పింది, రెండు నిమిషాలకి పక్క కుర్చీ ఆవిడ నలుపు తేవచ్చా అంది. అందరికంటే ఘనుడు ఇన్సూరెన్స్ ఏజెంటు. ఒళ్ళో ఒక నోటు పుస్తకం, చెవి వెనక పెన్ను. అతని దగ్గర ప్రశ్నలకి వరస సంఖ్యలున్నాయి.

"ప్రాజెక్టు మేము ఏ తేదీకివ్వాలి టీచర్?"

"మీరివ్వక్కర్లేదండీ. పిల్లలిస్తారు."

"అదేలెండి. పోయిన ఏడాది మేము అగ్నిపర్వతం చేశాం, మొదటి బహుమతొచ్చింది. ఇప్పుడు లెక్కల్లో కూడా మేము మూడో అభ్యాసం దాకా వచ్చేశాం. ఏడో లెక్క దగ్గర ఆగిపోయాం."

టీచరుకి తల ప్రాణం తోకకొచ్చింది. హోంవర్కు తప్పుగా చేసుకొచ్చినా ఫరవాలేదు, వాళ్ళే చేయాలి అని అంతకుముందే మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి చెబితే అతను తలూపి, రాసుకుని, అయితే చిత్తుప్రతి మాత్రం మేము చేసివ్వచ్చా అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదేనని టీచరు నవ్వు మొహం పెట్టుకునే అనుకుంది. ఫిర్యాదు రాకూడదు కదా, అందుకని మొహం నవ్వుతూనే ఉండాలి.

చివరికి భోజన విరామం దగ్గరికొచ్చింది. ఇది మాత్రం ఆవిడ గుండెల్లోంచి చెప్పింది. పదేళ్ళుగా చూస్తున్న సంగతి అది.

"ఇంటికి రాగానే మార్కులెన్ని అని అడగకండి. డబ్బా ఖాళీ అయిందా అని కూడా అడగకండి, డబ్బా ఖాళీ చేయడానికి సవాలక్ష దారులున్నాయి. ఎవరి పక్కన కూర్చుని తిన్నావు అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిసిందంటే మీ బిడ్డ ఎలా ఉందో తెలిసినట్టే."

ఏజెంటు కూడా ఆ మాటకి సంఖ్య వేయకుండా రాసుకున్నాడు.

అదే అదనుగా ఆవిడ ఉత్తరాల సంగతి చెప్పింది. మీ ముందున్న కాయితం మీ బిడ్డ మీ కోసం రాసింది, ఇంట్లో ఇంతవరకూ చెప్పని ఒక్క మాట రాయమన్నాను, పేరు రాయొద్దన్నాను, మీ రాత మీ వాళ్ళు గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారన్నాను, నేను ఒక్కటి కూడా చదవనని వాళ్ళకి మాటిచ్చాను, విప్పండి అంది.

పది నిమిషాలు చదివారు. కళ్ళజోళ్ళు తీసి తుడుచుకున్నవాళ్ళున్నారు, రెండోసారి చదివినవాళ్ళున్నారు. బేకరీ ఆయన పెదవులు కదుపుతూ చదివి, మడిచి, చొక్కా జేబులో గుండె వైపు పెట్టుకున్నాడు. ఏజెంటైతే కళ్ళు ఒత్తుకున్నాడు. మావాడికి నీళ్ళంటే భయమని నాకివాళే తెలిసింది టీచర్, ఈత క్లాసులో చేర్పించి చంపేస్తున్నాను అన్నాడు. లెక్కల టీచరు బోర్డుకి ఆనుకుని నిలబడి హమ్మయ్య అనుకుంది. క్లాసు నాదే అనుకుంది.

అప్పుడు లేచింది పళ్ళ డాక్టరు. అంతసేపూ ఒక్క ప్రశ్న కూడా అడగని మనిషి. మెల్లగా ముందుకొచ్చి కాయితం టీచరు చేతిలో పెట్టింది.

"ఇది మావాడు రాసింది కాదండీ."

టీచరు తడుముకోలేదు. ఇన్నాళ్ళూ పెన్సిలుతో రాశారు కదా, పెన్నుకి మారితే రాత మారుతుంది, మొదట్లో ఎవరిదీ గుర్తుపట్టలేం అని సర్దిచెప్పబోయింది.

"రాత గురించి కాదు. నాన్నా అని మొదలైంది. మా ఇంట్లో నాన్న లేరు, నేనూ వాడే. నాలుగు లైన్లు చదివేసరికి అర్థమై ఆపేశాను. వేరేవాళ్ళ పిల్ల మాట నేను చదవకూడదు కదా."

కాయితాలు టీచరు సరిగ్గానే పెట్టింది, అంటే ఎవరో కదిపారు. గబగబా వరండాలోకెళ్ళి ఆయాని పిలిచింది. ఆయా చీపురు పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెద్దవాళ్ళు వస్తున్నారు కదమ్మా అని పొద్దున్నే వచ్చి బల్లలన్నీ తడిగుడ్డతో తుడిచాను, తడిస్తే అక్షరాలు పోతాయని కాయితాలన్నీ తీసి కిటికీలో పెట్టాను, ఆరాక బల్లకొకటి చొప్పున మళ్ళీ సర్దేశాను, ఒక్కటి కూడా పోలేదమ్మా, లెక్కపెట్టాను అంది. మెప్పు కోసం చూస్తున్న ఆ మొహాన్ని ఏమనగలదు? మంచిపని చేశావు అని చెప్పి, వెనక్కొచ్చింది.

ముప్పై రెండు కాయితాలు, ముప్పై రెండు తప్పు చేతుల్లో. ఆ సంగతి నోరు తెరిచి చెప్పేసరికి గది భగ్గుమంది. మా పిల్ల గుట్టు ఎవరి చేతిలో పడింది అని ఒకావిడ లేచింది. ఏజెంటు కంట్లో తడి ఆరకుండానే నోటు పుస్తకం మూసి నిలబడ్డాడు.

"ఇది చిన్న విషయం కాదు టీచర్. హెడ్మిస్ట్రెస్ గారికి రాతపూర్వకంగా ఇవ్వాల్సిన విషయం."

పొద్దుట్నుంచీ పంటి బిగువున పట్టుకున్న నవ్వు అక్కడితో అయిపోయింది.

"ఇవ్వండి. తప్పు నాదే, పేరు రాయొద్దన్నది నేనే. కానీ అందులో ఇంకో మాట కూడా రాయండి. పది నిమిషాలు చదివారు అందరూ. ఏడ్చారు కూడా. ఈ గదిలో ముప్పై రెండు మందిలో ఒక్కావిడ తప్ప, ఇది నా బిడ్డ మాట కాదని ఒక్కరికి కూడా తెలియలేదు. నీళ్ళంటే భయమా అని మీ అబ్బాయిని ఒక్కసారి అడిగి ఉంటే మీకు తెలిసేది కదండీ, అది మీవాడు కాదని."

బేకరీ ఆయన జేబులోంచి కాయితం తీసి, పిండి మరకలున్న వేళ్ళతో దాని మడత సరిచేస్తూ, పెన్నుతో రాసేసరికి పోల్చుకోలేకపోయామమ్మా అన్నాడు. పెన్నుదేముందండీ, మాట మాటే కదా అని టీచరు కసిరింది. ఏజెంటు కూర్చున్నాడు. నోటు పుస్తకం మళ్ళీ తెరవలేదు.

కాయితాలన్నీ తెచ్చి టీచరు బల్ల మీద పోశారు. పేరంటానికొచ్చినవాళ్ళలా చుట్టూ మూగారు. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కోవడం, గుండ్రటి రాత కనిపిస్తే చాలు నలుగురు మాదంటే మాదనడం, గజిబిజి రాత దగ్గరికి ఎవరూ రాకపోవడం. పళ్ళ డాక్టరుకి తన కొడుకు ఉత్తరం మొదటి నిమిషంలోనే దొరికింది. అందులో ఉన్నవి రెండే లైన్లు, చదివి ఆవిడ నవ్వుకుంది. ఏజెంటు మాత్రం మొత్తం గాలించాడు. చివరికి ఒకటి చదివి అలాగే ఆగిపోయి, పక్కవాళ్ళకి కనిపించకుండా మడిచేశాడు గానీ బేకరీ ఆయన అప్పటికే భుజం మీంచి చూసేశాడు. నాన్నా, నా హోంవర్కు మీరు చేయడం మానేయండి అని ఉంది అందులో.

ఈ గోలలో టీచరు చేతిలో పళ్ళ డాక్టరిచ్చిన కాయితం అలాగే ఉండిపోయింది. చదవనని పిల్లలకి మాటిచ్చింది నిజమే. కానీ ఎవరిదో తెలియకపోతే ఎవరికివ్వాలి? పిల్లల నోటు పుస్తకాల్లో ఆవిడ చూసేవన్నీ అంకెలు, అక్షరాలు ఆవిడకీ కొత్తే. కిటికీ వైపు తిరిగి మొదటి పక్క చదివింది.

"నాన్నా, నేను భోజనాల గదిలో తినడం లేదు. మొదటి మూడు రోజులు తిన్నాను. నేను వెళ్ళి కూర్చోగానే ఆ బల్ల దగ్గర అందరూ మాట్లాడుకోవడం ఆపేస్తారు. నేను లేచి వెళ్ళాక మళ్ళీ మొదలుపెడతారు. అందుకని సైన్సు ల్యాబు వెనక మెట్ల మీద కూర్చుంటున్నాను. అక్కడ బాగానే ఉంటుంది, గాలి వస్తుంది. ఒక్కదాన్నే తినబుద్ధి కాదు. డబ్బాలోది అక్కడికొచ్చే పిల్లికి పెట్టేస్తాను. డబ్బా ఖాళీగా ఉందని అమ్మ మెచ్చుకుంటుంది. అమ్మకి చెప్పకు. చెబితే అందరి ముందూ రెండు నిమిషాల్లో సరిచేసేస్తుంది. అప్పుడు ఇంకా ఎక్కువవుతుంది."

చదువుతుంటేనే టీచరుకి ఒళ్ళు మండింది. ఈ తల్లి ఎవరో గానీ, కన్నపిల్ల రెండు వారాల్నుంచీ పస్తులుంటే ఖాళీ డబ్బా చూసి మురిసిపోతోందా? మొహం చూస్తే తెలియదూ? ఎవరి పక్కన కూర్చున్నావని ఒక్క ముక్క అడగడానికి నోరు రాలేదా? వీళ్ళకి నేను నీలం పెన్నా నల్ల పెన్నా అని చెబుతూ కూర్చున్నాను అనుకుంది. ఈ ఉత్తరం కోసం ఏ తండ్రి చెయ్యి చాపుతాడో, ఆ చాపినవాణ్ణి పక్కకి పిలిచి, ముందు మీ ఆవిణ్ణి తీసుకురండి అని చెప్పాలని నిశ్చయించుకుంది.

పావుగంటకి బల్ల ఖాళీ అయింది. ఉత్తరం దొరికినవాళ్ళు దొరికినట్టే బయటికెళ్ళారు, ఆటస్థలంలో ఎదురుచూస్తున్న పిల్లల దగ్గరికి. పొద్దున్న వచ్చినప్పుడున్న హడావిడి వెళ్ళేటప్పుడు లేదు. ఏజెంటు గుమ్మం దగ్గర ఆగి, రాతపూర్వకం ఏమీ లేదులెండి టీచర్ అని, వెళ్ళిపోయాడు.

గదిలో ఒక్క మనిషి మిగిలాడు. మూడో వరసలోంచి లేవలేక లేచి, గడియారాలాయన బల్ల దగ్గరికొచ్చాడు.

"నాది దొరకలేదే. నా ముందున్నది బేకరీ ఆయన పిల్లదట, ఆయనకిచ్చేశాను."

"మీకు తెలియలేదా అది మనది కాదని?" అందావిడ చిరాగ్గా. వెళ్ళిపోయినవాళ్ళ మీద కోపం ఇంకా దిగలేదు.

"అనుమానమైతే వచ్చింది. నువ్వు పెట్టావు కదా, నువ్వు తప్పు పెట్టవు కదా అని ఊరుకున్నాను." అతను ఖాళీ బల్ల వైపు చూశాడు, తర్వాత ఆవిడ చేతి వైపు చూశాడు. "ఇంక ఒకటే ఉంది. అది నాదే అయ్యుండాలి."

పదేళ్ళుగా పిల్లలకి తీసివేతలు నేర్పిన మనిషి. ముప్పై రెండులోంచి ముప్పై ఒకటి తీసేస్తే ఎంతో ఆవిడకి అతను చెప్పాలా? కాదండీ, ఇది వేరే ఎవరిదో, ఎవరో వెళ్ళిపోయుంటారు అంటూనే కాయితం తిరగేసింది. వెనక పక్క అక్షరాలు చిన్నవయ్యాయి, చోటు చాలక.

"వాళ్ళ తప్పేం లేదు నాన్నా. విన్నదల్లా ఇంటికెళ్ళి టీచరుకి చెప్పేస్తాననుకుంటారు. నేను ఒక్కటి కూడా చెప్పలేదు. పొరపాటున ఏదైనా చెప్పేస్తానేమోనని ఇంట్లో కూడా మాట్లాడటం మానేశాను. నన్ను రెండో సెక్షన్‌కి మార్చమని హెడ్మిస్ట్రెస్ గారిని నువ్వు అడుగుతావా? అమ్మని మార్చొద్దు. అమ్మకి ఈ క్లాసంటే చాలా ఇష్టం. నన్ను మార్చమను. నీ వసపిట్ట."

పేరు రాయొద్దన్నారు కదా. అది పేరు రాయలేదు.

ఆవిడ కుర్చీ కోసం చేత్తో వెతికింది. అతనికి అర్థం కాలేదు, ఏమైంది, ఒంట్లో బాగోలేదా అని దగ్గరికొచ్చాడు. రెండు వారాలు. రోజుకొక డబ్బా. పొద్దున్నే లేచి తను స్వయంగా సర్దిన డబ్బా, సాయంత్రం తను స్వయంగా కడిగిన డబ్బా. అంతమందినీ నిలబెట్టి కడిగేసిన ఆ మాటలన్నీ ఇప్పుడు తనకే తగులుతున్నాయి. సిగ్గేసింది ఆవిడకి, ఏడుపు కూడా తర్వాతే వచ్చింది.

"బ్రహ్మాండంగా జరిగిందటగా!" అంటూ హెడ్మిస్ట్రెస్ వచ్చింది, చేతిలో ఒక కాయితం, మూత తీసిన పెన్ను. గేటు దగ్గర అందరినీ పలకరించానని, ఒక్కరు కూడా పల్లెత్తు మాట అనలేదని, అంత ప్రశ్నలాయన కూడా మారు మాట్లాడకుండా కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళాడని చెప్పింది. మాటంటే మాటే, ఏడాదంతా మొదటి సెక్షన్ మీదే, నేను సంతకం పెట్టేశాను, ఇదిగో ఇక్కడ మీదొక్కటీ పెట్టండి అని కాయితం బల్ల మీద పరిచి, పెన్ను చాపింది.

పెన్ను అందుకుంది లెక్కల టీచరు. రెండో చేతిలో ఉత్తరం అలాగే ఉంది. ఏ సంతకం కోసం నెల రోజులు నిద్ర మానుకుందో ఆ సంతకం. ఒక్క నిమిషం మేడమ్ అనబోయి తలెత్తింది.

గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఆటస్థలంలో అందరి నాన్నలూ వచ్చేశారు, తన నాన్న రాలేదని వెతుక్కుంటూ వచ్చినట్టుంది. దాని కళ్ళు ముందు తండ్రి ఖాళీ చేతుల మీద పడ్డాయి. తర్వాత తల్లి చేతిలో ఉన్న కాయితం మీద పడి, అక్కడే ఆగిపోయాయి. మొహం పాలిపోయింది. గదిలోకి అడుగు పెట్టలేదు. బళ్ళో ఎలా పిలవాలని నేర్పారో అలాగే పిలిచింది.

"టీచర్, అది మా నాన్నకి రాసింది."